ఏజెన్సీ నర్సులకు వచ్చిన రోజే రాత్రి డ్యూటీ వేయవచ్చా?

ప్రశ్న: నేను కావలిలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా పనిచేస్తున్నాను. అక్టోబరులో వానలు మొదలై జ్వరాల కేసులు పెరగగానే ఒంగోలు, నెల్లూరు నుంచి ఏజెన్సీ ద్వారా స్టాఫ్ నర్సులను కొద్ది వారాలకు పిలిపించుకుంటాము. అనుభవం ఉన్నవారే కాబట్టి రైలు దిగిన రోజే రాత్రి డ్యూటీకి వేయమని యాజమాన్యం అంటోంది. ఇది రోగులకు క్షేమమేనా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: క్షేమం కాదమ్మా, ఆ మాట యాజమాన్యానికి మీరు గట్టిగానే చెప్పాలి. ఎంత అనుభవం ఉన్న నర్సుకైనా మీ వార్డులో ఎమర్జెన్సీ ట్రాలీ ఎక్కడుంటుందో, అర్ధరాత్రి రోగి బీపీ పడిపోతే ముందు ఏ డాక్టరుకు ఫోన్ చేయాలో ఎవరో ఒకరు చూపించనిదే తెలియదు.

ఇన్సులిన్ సంగతే చూడండి. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల మందు, 100 యూనిట్ల మందు రెండూ వాడుకలో ఉన్నాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో 10వ గీత వరకు తీస్తే రోగి ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. నిన్నటిదాకా ఒక్క రకమే వాడిన నర్సు చేతి అలవాటు కొద్దీ దొరికిన సిరంజి అందుకుంటే, తెల్లవారేసరికి షుగర్ పడిపోయి రోగి స్పృహ తప్పవచ్చు. కాబట్టి వీలైతే ఆసుపత్రి మొత్తానికి ఒకే రకం తెప్పించండి. వీలుకాకపోతే రెండింటినీ ఒకే ట్రేలో ఉంచకండి. అలాగే, పలచన చేయకుండా పొరపాటున ఎక్కిస్తే గుండె ఆగిపోయే ప్రమాదమున్న గాఢ పొటాషియం క్లోరైడు మందును వార్డుల్లో నిల్వ ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే సూచించింది.

మొదటి డ్యూటీ పగలే వేసి, మీ సొంత నర్సు ఒకరిని తోడుగా ఉంచండి. డ్యూటీ అప్పగింత కౌంటరు దగ్గర కాకుండా రోగి పడక దగ్గరే, కేస్ షీటు చేతిలో పట్టుకుని జరగాలి. డెంగీ రోగి విషయంలో ఇది మరీ ముఖ్యం. “జ్వరం తగ్గింది” అని చెప్పి వెళ్లిపోతే కొత్తవారు నిశ్చింతగా ఉంటారు, కానీ రక్తనాళాల నుంచి ద్రవం కారి రోగి షాక్‌లోకి వెళ్లే ప్రమాదం ఎక్కువగా ఉండేది జ్వరం తగ్గే ఆ ఒకటి రెండు రోజుల్లోనే. ఎంత ద్రవం ఎక్కించారో, మూత్రం ఎంత వచ్చిందో, నాడి ఎలా ఉందో, హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) పెరుగుతోందో లేదో విడివిడిగా చెప్పి తీరాలి.

నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను ఏజెన్సీ ఇచ్చిన జిరాక్సు చూసి సరిపెట్టుకోకుండా మీరే సరిచూసుకోండి. హెపటైటిస్ బి టీకా వేయించుకున్నారో లేదో కూడా అడగండి. బాగా పనిచేసినవారినే వచ్చే సీజనుకూ పంపమని ఏజెన్సీతో ముందే ఒప్పందం చేసుకుంటే, వార్డు తెలిసినవారే మళ్లీ వస్తారు.