ఎన్నికల గుర్తు రాకముందే వెళ్ళు

చిరంజీవికి,

2025 డిసెంబర్ పంచాయతీ ఎన్నికల మీద నువ్వు రాసి పంపిన కథనం చదివాను. మండలమంతా ఓపికగా తిరిగావు, సంతోషం. కానీ నీ అభ్యర్థులందరిదీ ఒకటే గొంతు. "సేవ చేసే భాగ్యం కల్పించండి" అనేది కరపత్రం మాట. నువ్వు వెళ్ళేసరికే వాళ్ళ చేతిలో కరపత్రాలు, వెనక పదిమంది. అప్పుడు ఎవరైనా అలాగే మాట్లాడతారు.

వచ్చే ఎన్నికల్లో నామినేషన్ల నాడే వెళ్ళు. తెలంగాణలో సర్పంచ్ పదవికి డిపాజిట్ 2,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు అందులో సగం. అది ఎలాగో సర్దుకుంటారు. పంచాయతీకి ఉన్న పన్ను బకాయి కట్టడం, ప్రతిపాదకుడి సంతకం సంపాదించడం దానికన్నా పెద్ద పని. సంతకం పెట్టింది ఎవరు, మొహం చాటేసింది ఎవరు అని అడుగు. ఊరి చుట్టరికాలు, పాత తగాదాలు వాటంతట అవే బయటికొస్తాయి. "ఎందుకు పోటీ చేస్తున్నారు?" అని అడిగితే మళ్ళీ కరపత్రమే వినిపిస్తుంది.

పంచాయతీకి పార్టీ గుర్తులు ఉండవు. ఎవరు ఎవరిని బలపరిచారో పసిపిల్లలకూ తెలుసు, అది వేరే సంగతి. 2019 జనవరిలో ఒక ఊళ్ళో బట్టలు కుట్టే ఆమె సర్పంచ్‌కు నిలబడింది. పేర్ల అక్షర క్రమంలో గుర్తులు ఇస్తే ఆమెకు ఉంగరం, ప్రత్యర్థికి కత్తెర వచ్చాయి. పొద్దస్తమానం కత్తెర పట్టుకునే మనిషి ఇంటింటికీ వెళ్ళి "కత్తెరకు వెయ్యకండి" అని చెప్పుకోవాల్సి వచ్చింది. సంక్రాంతికి ఒప్పుకుని ఇవ్వలేకపోయిన జాకెట్లు మిషన్ పక్కన మూటగా ఉన్నాయి. ఒక గడపలో ముసలావిడ "ముందు నా జాకెట్ ఇవ్వు, ఓటు సంగతి తర్వాత" అంది. ఆ రాత్రి ప్రచారం నుంచి వచ్చి ఈమె హుక్కులు కుడుతూ కూర్చుంది. అభివృద్ధి గురించి ఆమె ఏం చెప్పిందో నాకు ఒక్క ముక్క గుర్తులేదు.

స్థానిక సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. నీ కథనంలో మాత్రం మహిళా అభ్యర్థుల ఇళ్ళలో మాట్లాడింది భర్తలే. కుర్చీ వేసి, టీ చెప్పి, మాట అందుకునేది ఆయనే, నిజమే. ఆయన చెప్పేదంతా విను. ఫోను మోగి బయటికి వెళ్ళేదాకా కదలకు. అలాగని ఆమెను భర్త చాటు మనిషని ముందే తీర్మానించుకోకు. స్వయం సహాయక సంఘం లెక్కలు ఏళ్ళ తరబడి రాసినవాళ్ళు వాళ్ళలో చాలామంది ఉంటారు. బ్యాంకు మేనేజర్‌తో ఎలా మాట్లాడాలో ఆయనకన్నా ఆమెకే బాగా తెలిసి ఉండవచ్చు.

డబ్బు సంగతి సూటిగా అడగకు. అయిదు వేల జనాభా దాటని ఊళ్ళో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర. ఎవరిని అడిగినా ఆ లోపు అంకే చెబుతారు. ఏం అమ్మారు, ఏం తాకట్టు పెట్టారు అన్నది పక్కింటివాళ్ళు చెబుతారు. అయితే అది అచ్చులో పెట్టే ముందు, రేపు ఆ ఇంటికి అప్పు పుట్టకుండా పోతుందేమో ఆలోచించు. కథనం అచ్చయ్యాక నువ్వు బస్సెక్కి వచ్చేస్తావు, వాళ్ళు అక్కడే ఉంటారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవాళ్ళు ఓడిన వార్డు అభ్యర్థులు. నీ కథనంలో వాళ్ళు అసలే లేరు. వార్డులో ఉండే ఓట్లు కొద్దే. మధ్యాహ్నం ఒంటి గంటకు పోలింగ్ అయిపోతుంది, రెండింటికి లెక్కింపు మొదలవుతుంది, సాయంత్రానికల్లా తనకు ఎవరు వెయ్యలేదో ఓడినవాడికి దాదాపు తెలిసిపోతుంది. మర్నాడు ఉప్పుకో పప్పుకో వాళ్ళ దుకాణానికే వెళ్ళాలి. ఆ గుమ్మం ముందు ఆ రెండు నిమిషాలూ ఎలా గడిచాయో అడిగావా?

గెలిచినా ఓడినా 45 రోజుల్లో ఖర్చుల లెక్క అప్పజెప్పాలి. చాలామంది ఆ ఫారం నింపడానికి చదువుకున్నవాళ్ళ కోసం వెతుకుతుంటారు. వెళ్ళి నింపిపెట్టు, పక్కన కూర్చుంటే కబుర్లు వాటంతట అవే వస్తాయి. సర్పంచ్‌ల భాగం సగానికి కొట్టేసి, ఆ చోటు వార్డువాళ్ళకు ఇవ్వు. ఉగాదిలోపు పంపితే తీరిగ్గా చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు