పాత పికప్‌తో దేశాలు దాటబోయే మేనకోడలికి

పాడి, చెన్నై

అమ్మలూ, నీకూ అల్లుడుగారికీ ఆశీస్సులు.

మీరు పాత పికప్ కొన్నారనీ, నేపాల్, చైనా మీదుగా కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్ దాకా దాని మీదే వెళ్తారనీ అక్క ఫోన్‌లో చెప్పింది. ఆ రాత్రి లేచి కూర్చుని, బండిలో ఏమేం చూడాలో కాగితం మీద రాసుకున్నాను. తెల్లారేసరికి మూడు పేజీలయింది. అందులో ముఖ్యమైనవి నీకు రాస్తున్నాను.

నువ్వు వాట్సాప్‌లో పంపిన లిస్టు చూశాను. రూఫ్ టెంట్, వించ్, ఫ్రిజ్, ఎల్‌ఈడీ లైట్లు, ఇనుప క్యారియర్, రెండో స్టెప్నీ. అన్నీ బండికి కొత్తగా తగిలించేవే. బండితో పాటు వచ్చి పదేళ్లుగా అరిగినవాటి గురించి ఒక్క ముక్క లేదు. నా మాట విని ఆ లిస్టు పక్కన పెట్టు. నీ డబ్బులో ముప్పావు వంతు పాతవాటిని బాగుచేయించడానికి పెట్టు. మిగిలితే అప్పుడు ఫ్రిజ్ గురించి ఆలోచిద్దాం.

ఇలా ఎందుకంటున్నానో చెప్తాను. 2006లో మేం నలుగురం టాటా 207 పికప్‌లో ఖాట్మండు వెళ్లాం. బియ్యం మూట, గ్యాస్ సిలిండర్, ఇనుప టూల్ పెట్టె, పైన క్యారియర్, రెండు స్టెప్నీలు. షెడ్డు నాదే, మెకానిక్‌ని నేనే, ఇంక నాకేం భయం అనుకున్నాను. నారాయణ్‌ఘాట్ దాటి ముగ్లింగ్ వైపు ఘాట్ ఎక్కుతుంటే వెనక ఎడమవైపు టప్ మని మోత. దిగి చూస్తే కమాన్ కట్టలో, అంటే బండి బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలో, మెయిన్ ప్లేటు విరిగి, ఇరుసు వెనక్కి జరిగి, టైరు మడ్‌గార్డుకు రాసుకుంటోంది. ఒకవైపు కొండ, ఇంకోవైపు నది. మా వెనక లారీలు బారులు తీరాయి. ఒక నేపాలీ లారీ డ్రైవరు తన దగ్గరున్న చైను, చెక్క దిమ్మె ఇచ్చి ఇరుసును కట్టించాడు. నారాయణ్‌ఘాట్ దాకా వెనక్కి పాకుతూ వచ్చాం. వేరే బండి ప్లేటు కోయించి వేసేసరికి రెండు రోజులు పట్టింది.

ఆ విరిగిన ముక్క ఇప్పటికీ నా షెడ్డులో ఉంది. విరిగిన అంచు చూస్తే సగం కొత్తగా మెరుస్తుంది, మిగతా సగం నల్లగా తుప్పు పట్టి ఉంటుంది. అంటే పగులు పాతదే, మేం చెన్నైలో బయలుదేరే నాటికే ఉంది. క్యారియర్ బిగించడానికి ఒక పూట పెట్టిన నేను, కమాన్లు విప్పి కడిగి చూడటానికి ఒక గంట పెట్టలేదు.

అందుకని నీ మొదటి పని కాటా. వెళ్లే రోజు ఎలా ఉంటుందో అలాగే బండి నింపండి. డీజిల్ ఫుల్, నీళ్లు, బట్టలు, వంట సామాను, మీరిద్దరూ లోపల. దగ్గర్లో లారీల కాటా దగ్గర ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, మొత్తం ఒకసారి తూకం వేయించండి. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువుకు కనీసం రెండు వందల కిలోలు తక్కువ ఉండాలి. మీరు వెళ్లేది గతుకుల రోడ్లు. కాగితం మీద సరిపోయిన బరువు అక్కడ ఎక్కువే అవుతుంది. పైకప్పు మీద పెట్టే ప్రతి కిలో మలుపుల్లో బండిని పక్కకు లాగుతుంది కాబట్టి, బరువైనవన్నీ వెనక సామాను ట్రేలో కిందకీ, క్యాబిన్ వైపుకీ రావాలి.

రెండోది కమాన్లు. బెంగళూరు నుంచి సేలం మీదుగా నామక్కల్ వెళ్లు. లారీల ఊరు అది. కమాన్ పనివాళ్లకు కొదవ లేదు. కట్టలు పూర్తిగా విప్పించి, ప్రతి ప్లేటూ కడిగించి, పగుళ్లు నువ్వే దగ్గరుండి చూడు. సెంటర్ బోల్టులు, యూ బోల్టులు, బుష్‌లు ఎలా ఉన్నా కొత్తవి వేయించు. ఎత్తు పెంచే కిట్ మాత్రం వద్దు. కొత్త యూ బోల్టులు వేశాక ఐదు వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ బిగించాలి. చాలామంది మరిచిపోయేది అదే.

ఇక చెన్నై, బెంగళూరు వాళ్లం మనం ఊహించలేనిది చలి. మన దగ్గర రేడియేటర్‌లో నీళ్లు తగ్గితే కుళాయి నీళ్లు పోస్తాం. తజికిస్తాన్‌లో పామీర్ రోడ్డు మీద అక్‌బైతాల్ కనుమ ఎత్తు 4,655 మీటర్లు. టిబెట్‌లో ఐదు వేలు దాటేవీ ఉన్నాయి. అక్కడ రాత్రికి ఆ నీళ్లు గడ్డకట్టి ఇంజన్ బ్లాకునే చీలుస్తాయి. రేడియేటర్ కడిగించి, కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి పోయించు. అలా కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. పగలు కథ తిరగబడుతుంది. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి నీళ్లు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. అలా మరగకుండా లోపలి ఒత్తిడిని నిలబెట్టేది రేడియేటర్ మూత రబ్బరే. చవకలో అయిపోతుంది, కొత్తది వేసి ఇంకొకటి డబ్బాలో పెట్టుకో. హోస్ పైపులు, బెల్టులు, థర్మోస్టాట్, బ్రేకు గొట్టాలు పదేళ్లవైతే చూడ్డానికి ఎంత బాగున్నా తీసేయించు.

డీజిల్ విషయంలో పాత బండి కొనడం మీకు మేలే చేసింది. మీది బీఎస్4 బండి, అంటే పాత కాలుష్య ప్రమాణాలది. బీఎస్6 బండ్లకు ఉండే డీపీఎఫ్, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్, దీనికి లేదు. గంధకం ఎక్కువున్న డీజిల్ పోస్తే కొత్త బండ్లలో ముందు దెబ్బతినేది ఆ డీపీఎఫే. అయితే నీళ్లు కలిసిన డీజిల్ మీ ఇంజెక్టర్లకూ విషమే. ఫిల్టర్లు నాలుగు కొను, అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఎలా తిప్పాలో, ఫిల్టర్ మార్చాక చేతి పంపుతో గాలి ఎలా తీయాలో అల్లుడుగారితో పాటు నువ్వూ నేర్చుకో. చలి ప్రాంతానికి పోయేముందు ట్యాంకులో ఉన్న వేసవి డీజిల్‌ని వాడేసి, అక్కడ దొరికే చలికాలపు డీజిల్ నింపండి. లేకపోతే మైనం పేరుకుని ఫిల్టర్ మూసుకుపోతుంది.

క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ ఒకసారే మార్చించు. వీల్ బేరింగులు విప్పి గ్రీజు కొట్టించు. బ్యాటరీ కొత్తది. వైరింగ్ మీద అదనపు లైట్ల కోతలు ఏమైనా ఉంటే పీకించి, ఫ్యూజులు సరిచూపించు. టైర్లు ఐదూ ఒకే సైజు, ఒకే రకం.

స్పేర్ల గురించి నా పద్ధతి చెప్తాను. కొత్తవి బండికి, బాగా పనిచేస్తున్న పాతవి డబ్బాకి. తీసేసిన బెల్టు, ఆల్టర్నేటర్, సెల్ఫ్ మోటార్ పారేయకు. అవి నీ బండికి సరిగ్గా సరిపోయాయని పదేళ్లుగా తెలుసు కదా. కొత్తవి మీ బెంగళూరు జేసీ రోడ్డులో కొన్నా, ఇక్కడ పుదుపేటలో కొన్నా, బిగించి కనీసం రెండు వేల కిలోమీటర్లు తిప్పాకే సరిహద్దు దాటాలి. కొత్త సామాను చెడిపోయేదుంటే ఎక్కువగా మొదట్లోనే చెడిపోతుంది. అందుకే పనులన్నీ బయలుదేరడానికి రెండు నెలల ముందే ముగించాలి.

కాగితాల పని నీకే బాగా తెలుసు, రెండు మూడు ముక్కలు చెప్తాను. ఛాసిస్ నంబరు పంచ్ మీద తుప్పు గీకించి, అంకెలు తేటగా కనిపించేలా చేయించు. సరిహద్దులో కస్టమ్స్ వాళ్లు ఆర్‌సీతో పోల్చి చూస్తారు. మన ఆర్‌సీ గడువు 15 ఏళ్లు, అది దారి మధ్యలో తీరకూడదు. ఆర్టీఓ ఇచ్చే అంతర్జాతీయ లైసెన్సు ఒక ఏడాది వరకే. అది చైనాలో చెల్లదు, అక్కడ తాత్కాలిక లైసెన్సు, తాత్కాలిక నంబరు ప్లేటు, వెంట గైడు కావాలి. అదంతా ట్రావెల్ ఏజెన్సీ ద్వారానే జరుగుతుంది. రసువాగఢి దగ్గర నేపాల్, చైనాల మధ్య వంతెన 2025 జులై వరదలో కొట్టుకుపోయింది. ఇప్పుడు బండ్లను ఏ దారిన పంపుతున్నారో ఏజెన్సీని అడక్కుండా అడ్వాన్సు కట్టకు. నేపాల్‌లోకి మన బండికి కార్నే, అంటే బండిని తాత్కాలికంగా పరాయి దేశంలోకి తీసుకెళ్లే కస్టమ్స్ పత్రం, అక్కర్లేదు. సరిహద్దులో భన్సార్ అనే నేపాలీ కస్టమ్స్ రుసుము కడితే చాలు. ఇరాన్ వైపు తిరిగే ఆలోచన ఉంటేనే ముంబైలోని వెస్టర్న్ ఇండియా ఆటోమొబైల్ అసోసియేషన్‌ని కార్నే కోసం అడుగు.

అన్నీ అయ్యాక పరీక్ష పెట్టండి. నామక్కల్ పక్కనే కొల్లి కొండలు ఉన్నాయి, 70 హెయిర్‌పిన్ మలుపులు. పూర్తి బరువుతో ఎక్కి, కిందికి చిన్న గేరులో దిగండి. దిగాక నాలుగు చక్రాల దగ్గరా చేయి దగ్గరగా పెట్టి వేడి పోల్చండి, తాకొద్దు. ఒకటి మిగతావాటికంటే బాగా కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసిందనో, బేరింగు పోతోందనో అర్థం. ఆ రాత్రి అక్కడే బండిలో పడుకోండి. పొద్దున లేచాక చేయి వేయని వస్తువులన్నీ ఒక సంచిలో వేసి అక్క దగ్గర వదిలేయండి.

వచ్చే నెల రెండో శనివారం బండి తీసుకుని పాడికి రండి. టెంట్ కొనకుండా రండి. అత్తయ్య మీ కోసం గోంగూర పచ్చడి పెడుతోంది. అల్లుడుగారికి పాత చొక్కా ఒకటి తెచ్చుకోమను, బండి కింద నాతో పాటు పడుకోవాలి. కాటా చీటీ మరిచిపోకు, ముందు అదే అడుగుతాను.

మీ మామయ్య