పదవీ విరమణ తరువాత మళ్ళీ కథలు రాయడం: ఒక రెవెన్యూ ఉద్యోగి అనుభవం

మీరు నల్లగొండలో ఉపాధ్యాయులుగా విరమణ పొందారని, ఇరవైల వయసులో పత్రికలకు కథలు రాసి, ఉద్యోగమూ సంసారమూ మీద పడ్డాక మానేశారని, ఇప్పుడు తీరిక ఉన్నా కలం కదలడం లేదని రాశారు. సగంలో ఆపిన పాత కథలను పూర్తిచేయాలా, కొత్తవి మొదలుపెట్టాలా అన్నది మీ ప్రశ్న. నేను పాలమూరు జిల్లా రెవెన్యూ శాఖలో పనిచేసి విరమణ పొందినవాణ్ణి కనుక, నా అనుభవంలో తేలినదే చెబుతాను.

పాత కథలను ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఉద్యోగం మన చేత రాయడం మాన్పించినా, వినడం మాన్పించలేదు. 1981లో శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ ప్రాంతాల ఊళ్ళు మునిగేనాటికి నేను విద్యార్థిని. కాని ఆ కుటుంబాల పిల్లలు ముంపు కుటుంబాలకు ఉద్యోగం ఇవ్వాలన్న ప్రభుత్వ ఉత్తర్వు, 98 జీవో, కింద వచ్చే ఉద్యోగం కోసం ధ్రువపత్రాలు పట్టుకుని మా కార్యాలయం చుట్టూ తిరుగుతూ నడివయసుకు చేరడం నా కళ్ళముందే జరిగింది. ముంబై, పుణె పనులకు వలసపోయి పండుగకు ఊరికి వచ్చినవాడు ఏ భూమి ఎవరి సాగులో ఉందో రాసే పహాణీ నకలు తీయించి, కాస్తుదారు, అంటే సాగుచేసేవాడి, గడిలో తన పాలివాడి (దాయాది) పేరు చూసుకుని మాట రాక నిలబడిపోవడమూ చూశాను. ఇరవై అయిదేళ్ళ వయసులో నేను రాసిన ప్రేమకథల్లో ఇలాంటి మనుషులు ఒక్కరూ లేరు.

తీరిక దొరికాక నన్ను అసలు ఇబ్బంది పెట్టింది నా వాక్యమే. పంచనామాలూ నివేదికలూ రాసి రాసి, ‘విచారణ జరపబడినది, తదుపరి చర్య నిమిత్తం సమర్పించడమైనది’ అనే ధోరణి చేతికి పట్టేసింది. అందులో పని జరుగుతుంది గాని చేసినవాడు కనిపించడు. ఫైలులో అది ఉద్యోగికి రక్షణ, కథలో మాత్రం మనిషే మాయమవుతాడు. మీ వృత్తిలో దీనికి సాటి అలవాటు, బహుశా, ప్రతి విషయాన్నీ విడమరచి చెప్పి చివర నీతి అప్పగించడం.

అందుకే కొన్ని నెలలపాటు కథ జోలికే పోకుండా, ఒక నోటుబుక్కులో గుర్తున్న మాటలను మాత్రం, అన్నవాళ్ళ యాసలోనే, వ్యాఖ్య లేకుండా రాసుకున్నాను. విరాసత్ కోసం, అంటే చనిపోయిన భర్త భూమిని తన పేరిట మార్పించుకోవడానికి, వచ్చిన ఒక ముసలమ్మ ‘నా మొగడు సచ్చి ఏండ్లాయె గని, మీ కాయితంల ఇంకా బతికే ఉన్నడు సారూ’ అన్నది. విరమణ తరువాత నేను పూర్తిచేసిన మొదటి కథ ఆ ఒక్క మాట నుంచి పుట్టింది. మీరూ తరగతి గదిలో, సిబ్బంది గదిలో విన్నవాటితో మొదలుపెట్టి చూడండి.

సమయం సంగతికి వస్తే, 2021లో ప్రభుత్వం విరమణ వయసును 61కి పెంచడంతో నా ప్రణాళిక అంతా వెనక్కు జరిగింది; తీరా ఇంటికి వచ్చాక భూమి కాయితాలు చూపించేవాళ్ళు గుమ్మం ముందు చేరారు. ‘ఆఫీసు లేచి మనింటికే వచ్చింది’ అని మా ఆవిడ అనడంలో అతిశయోక్తి లేదు. ఉదయం పూట జిల్లా గ్రంథాలయానికి పోవడం అలవాటు చేసుకున్నాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలతో అది కిటకిటలాడుతుంది గాని, వాళ్ళ మధ్య కూర్చుంటే మాట్లాడాలన్న కోరిక పుట్టదు. ఇప్పటి పత్రికల్లో వస్తున్న కథలను అక్కడే చదవవచ్చు, మనం మానేసిన కాలంలో కథ ఎంత మారిందో తెలుస్తుంది.

కాగితంపై రాసిన ప్రతిని కాక యూనికోడ్‌లో టైపు చేసినదే పంపమని ఇప్పుడు చాలా పత్రికలు కోరుతున్నాయి. ఫోనులో నోటితో చెప్పి రాయించడం సులువే. అయితే మన ‘పోయిండు’, ‘వచ్చిండు’ అది వినీ వినకుండా మార్చేస్తుంటుంది, సంభాషణలను మాత్రం వేళ్ళతోనే కొట్టండి.

మరొక జాగ్రత్త: ఉద్యోగరీత్యా తెలిసిన ఇంటి గుట్టును కథలోకి తెచ్చేటప్పుడు పేరు ఒక్కటి మారిస్తే చాలదు. ఊరు, కులవృత్తి, అన్నదమ్ముల వరుస కూడా మార్చి, ఆ ఊరివాడైన మిత్రుడొకరికి చదివి వినిపిస్తాను. ‘ఇది ఫలానా వాళ్ళ ఇల్లే కదా’ అని అతను పోల్చుకుంటే, ఆ ప్రతిని మళ్ళీ రాసేదాకా ఎక్కడికీ పంపను.