మే సెలవుల్లో పిల్లలతో శ్రీలంక: ముందు ఏ తీరమో తేల్చుకోండి

ఐదేళ్ల పాప, రెండేళ్ల బాబుతో మే నెలలో శ్రీలంక వెళ్తున్నామని, వారంలో ఏమేమి చూడవచ్చని అడిగారు. ఏమేమి అన్నది తర్వాత సంగతి. ఏ తీరానికి వెళ్తున్నారు? మన పిల్లల వేసవి సెలవులూ అక్కడి నైరుతి రుతుపవనాలూ ఒకేసారి మొదలవుతాయి. మే నుంచి సెప్టెంబరు దాకా పడమర, నైరుతి తీరాల్లో, అంటే కొలంబో, బెంతొట, గాలె వైపు వానలు, సముద్రం అల్లకల్లోలం. అవే నెలల్లో తూర్పున ట్రింకోమలీ, పాసికుడా వైపు ఎండ కాస్తుంది, నీళ్లు నిలకడగా ఉంటాయి. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇది తారుమారవుతుంది. టిక్కెట్లు అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. మా ఏజెంటు కూడా మే నెలకు బెంతొట హోటలే చూపించి, సముద్రం ఎదురుగానే ఉంటుందన్నాడు. ఎదురుగా ఉంటే చాలా, పిల్లలు దిగవద్దా? పట్టుబట్టి పాసికుడాకు మార్పించాను.

మాది బరంపురం. గోపాల్‌పూర్ పక్కనే ఉన్నా మా పిల్లలకు సముద్రమంటే నా చెయ్యి పట్టుకుని ఒడ్డున నిలబడి చూసేదే. అక్కడి అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది. పాసికుడాలో మొదటి ఉదయం మావాడు అలవాటు ప్రకారం తడి ఇసుక దగ్గరే ఆగిపోయాడు. ఎంతసేపు చూసినా పెద్ద అల రాలేదు. ఆ తీరానికి పగడపు దిబ్బలు అడ్డు, చాలా దూరం నడిచినా నీళ్లు పెద్దవాళ్ల నడుము దాటవు. "అమ్మా, ఇది చెరువా?" అన్నాడు. వాళ్లక్క వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "ఉప్పగా ఉంది, సముద్రమేరా" అని తీర్పు చెప్పి లోపలికి లాక్కుపోయింది. ఎండెక్కే దాకా ఇద్దరూ బయటికి రాలేదు. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం మళ్లీ నీళ్లు. రోజూ అదే, ఒక్కనాడూ విసుగనలేదు.

తిరిగి వచ్చాక చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న: సిగిరియా కొండకోట ఎక్కలేదా, కొండల్లోని క్యాండీ ఊరు చూడలేదా? ఆరేళ్లలోపు పిల్లలను కొండ ఎక్కించి, కార్లో వాంతులు చేయించి చూసేదేముంది? విమానాశ్రయం నుంచి పాసికుడా రోజంతా ప్రయాణం కాబట్టి దారిలో దంబుల్లా అనే ఊళ్లో ఒక రాత్రి ఆగండి, చాలు.

హోటళ్లలో పిల్లల భోజనం పేరుతో పెట్టే వేయించిన బంగాళదుంప ముక్కలు నాకు చిరాకు. తూర్పు తీరంలో తమిళుల ఇళ్లలో వండే ఇడియప్పం, పసుపు వేసిన కొబ్బరిపాల పులుసు అడగండి. కారం ఉండదు, మారాం లేకుండా తింటారు.

మన వైపు వాళ్లకు మలేరియా భయం ఎక్కువ. శ్రీలంకను 2016లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా రహిత దేశంగా ప్రకటించింది. డెంగీ మాత్రం ఉంది, ఆ దోమ పగలే కుడుతుంది. రాత్రి దోమతెర ఒక్కటే నమ్ముకోకుండా పగలు కూడా నిండు చేతుల నూలు బట్టలు వేయండి.

డబ్బు కట్టే ముందు పిల్లల పాస్‌పోర్టులు తీసి చూడండి. వాళ్లవి 5 ఏళ్లకే ముగుస్తాయి, శ్రీలంకలో దిగే నాటికి ఇంకా 6 నెలల గడువు మిగిలి ఉండాలి.