వాకర్ పట్టుకున్న చేతికి వాచీ

ప్రశ్న: మా అత్తగారికి 67 ఏళ్లు. మూడు వారాల క్రితం కుడి మోకీలు మార్పిడి ఆపరేషన్ అయింది. అంతకుముందు రెండు వారాలు అడుగులు లెక్కపెట్టే వాచీ పెట్టుకోమంటే పెట్టుకున్నారు. అప్పట్లో రోజుకు 3,000 దాకా చూపించేది. ఇప్పుడు వాకర్‌తో హాలూ వరండా తిరుగుతున్నా 200 దాటడం లేదు. డాలస్‌లో ఉన్న మా మరిది తన ఫోన్‌లో ఆ అంకెలు చూసి, "అమ్మను నడిపించడం లేదా వదినా?" అంటున్నాడు. లోపం ఎక్కడ?
– ఓ కోడలు, తెనాలి

జవాబు: మీలో లేదమ్మా, వాచీ కట్టిన చోటులో ఉంది. దాని లోపలి సెన్సర్ చెయ్యి ఊగే తీరును బట్టి అడుగులు లెక్కగడుతుంది. వాకర్ పట్టుకున్న చెయ్యి ఊగదు, పైగా నడక నెమ్మది. ఇక ఏం లెక్కపెడుతుంది? కావాలంటే ఆవిడ నడుస్తుంటే మీరు పైకి 50 దాకా లెక్కపెట్టి, వాచీలో ఎన్ని పెరిగాయో చూడండి. తర్వాత ఎడమ కాలికి, అంటే ఆపరేషన్ కాని కాలికి, చీలమండ పైన కట్టి మళ్లీ నడిపించండి. పట్టీ చాలకపోతే వెడల్పాటి ఎలాస్టిక్ ముక్క కలపండి, బిగించొద్దు.

అయితే కాలికి కట్టినప్పటి అంకెను పాత 3,000తో పోల్చకండి. పప్పు రుబ్బినా, బట్టలు ఉతికినా, గుంతల రోడ్డులో ఆటో ఎక్కినా చేతి వాచీ అడుగులు కలిపేసుకుంటుంది. ఆ 3,000లో అవీ కొన్ని ఉంటాయి. వాకర్ వదిలాక మళ్లీ అదే చేతికి కట్టి, వారం సగటు చూడండి. ఒక్క రోజు అంకెకు విలువ లేదు. పనిమనిషి రాని రోజు ఒకలా, వాచీ చార్జింగ్‌లో మరిచిపోయిన రోజు ఇంకోలా ఉంటుంది. పరిశోధకులు కూడా సాధారణంగా 10 గంటలకన్నా తక్కువ పెట్టుకున్న రోజును లెక్కలోంచి తీసేస్తారు.

మీ మరిదిగారికి ఇంకోటి చెప్పండి: యాప్‌లు చూపే 10,000 లక్ష్యం 1965లో జపాన్‌లో అమ్మిన ఓ పెడోమీటర్‌తో, అంటే అడుగులు లెక్కపెట్టే పరికరంతో, ప్రచారంలోకి వచ్చిన అంకె. మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఎవరూ కట్టిన లెక్క కాదు. ఇప్పుడు చూడాల్సింది మోకాలు పూర్తిగా చాపుకుంటోందా, ఎంత వంగుతోంది, సాయంత్రానికి వాపు ఎంత అన్నవే. నడక కొంచెం కొంచెంగా, రోజులో చాలాసార్లు. వాపూ నొప్పీ పెరిగితే మర్నాడు తగ్గించండి. పిక్క ఉబ్బి నొప్పెడుతున్నా, కుట్ల దగ్గర చీము కారినా, జ్వరం వచ్చినా ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు వెంటనే చూపించండి. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే అర్ధరాత్రైనా 108కి ఫోన్ చేయండి.

ముందే వాచీ పెట్టించింది ఎందుకంటారా? "నా కాలు ఇంట్లో ఒకచోట నిలవదండీ" అని మా పేషెంట్లలో సగంమంది చెబుతారు. వాచీ చూస్తే మధ్యాహ్నమంతా కుర్చీలోనే! అబద్ధం కాదు, ఎవరి కదలిక వాళ్లకు ఎక్కువగానే గుర్తుంటుంది. ఇంకో సంగతి: నొప్పి పోయింది కదా, నడక దానంతటదే పెరుగుతుందనుకుంటాం. ఆరు నెలల తర్వాత కొలిచిన అధ్యయనాల్లో చాలామంది దాదాపు పాత అంకె దగ్గరే కనిపించారు. ఏళ్ల తరబడి నొప్పికి భయపడి కూర్చున్న అలవాటు మోకీలుతో పాటు మారదు. అందుకే ఆరో నెలలో ఓ వారం వాచీ పెట్టించండి. అప్పటికీ 3,000 దగ్గరే ఉంటే సాయంత్రాలు ఆవిడను తోడు తీసుకుని బజారుకో గుడికో వెళ్లండి. ఆపైన కూడా కదలకపోతే మళ్లీ నాకు రాయండి.