ఫుట్‌బాల్ క్లబ్బుల అప్పుల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నీ వ్యాసం నిన్న రాత్రి చదివాను. "మాంచెస్టర్ యునైటెడ్ అప్పుల ఊబిలో కూరుకుపోయింది" అని మొదలుపెట్టావు. దాని కింద వేల కోట్లలో ఒక అంకె, ఆ కింద ఇంకో అంకె, మూడో పేరాకి వచ్చేసరికి నాకే ఊపిరాడలేదు, ఇక ఆట చూడనివాడి సంగతి చెప్పక్కర్లేదు. భాషకి వంక పెట్టను, బాగా రాస్తున్నావు. కానీ ఆ ఊబిలోకి ఎవరు దింపారు, దేన్ని చూసుకుని దిగారు, వడ్డీ ఎవరి జేబులోంచి పోతోంది, వ్యాసం మొత్తంలో ఎక్కడా లేదు. నేను చెప్పదలచుకున్నది అదొక్కటే. అప్పు ఎంత అని రాసే ముందు, ఏ రాబడిని చూపించి తెచ్చారో కనుక్కో. ఆ రాబడి వచ్చేసిందా, ఇంకా రావాలా అన్నది కూడా.

నువ్వు గాజువాక కుర్రాడివి. "స్టీల్ ప్లాంట్ నష్టాల్లో ఉంది" అని ఢిల్లీలో ఎవరైనా ఒక్క ముక్కలో తేల్చేస్తే మీ వీధిలో ఊరుకుంటారా? సొంత గనులు ఎందుకివ్వలేదు, ఖనిజం ఏ రేటుకి కొంటున్నారు, విస్తరణకి తెచ్చిన అప్పు మీద వడ్డీ ఎంత అని టీ కొట్టు దగ్గరే లెక్క తీస్తారు. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు కూడా, అందులో బ్యాంకులకి పోయేదెంత, ప్లాంటుకి మిగిలేదెంత అనే కదా మన ఊళ్లో మాట్లాడుకున్నది. నీ పాఠకుడు అతనే. అతనికి ఫుట్‌బాల్ తెలియకపోవచ్చు కానీ అప్పు గురించి నువ్వు కొత్తగా నేర్పేదేమీ లేదు.

యునైటెడ్ సంగతే తీసుకో. 2005కి ముందు ఆ క్లబ్బుకి చెప్పుకోదగ్గ అప్పే లేదు. అమెరికా నుంచి గ్లేజర్ కుటుంబం వచ్చి దాదాపు 790 మిలియన్ పౌండ్ల లెక్కన కొంది, ఆ డబ్బులో పెద్ద భాగం అప్పు తెచ్చింది, తెచ్చిన అప్పులో చాలా భాగాన్ని క్లబ్బు ఖాతాలోనే రాసేసింది. కొన్నవాళ్లు చేసిన అప్పుని వాళ్లు కొన్న క్లబ్బే తీరుస్తోందన్నమాట. కడుపు మండిన అభిమానులు కొందరు అదే ఏడాది బయటికొచ్చి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ అని సొంత క్లబ్బే పెట్టుకున్నారు. ఇదంతా వదిలేసి ఊబి అంటే ఎలా? "2005లో తనను కొన్నవాళ్ల అప్పుని మాంచెస్టర్ యునైటెడ్ ఇప్పటికీ మోస్తోంది" అని రాయి, చాలు. రెండో వాక్యం చదవకుండా ఎవడూ పోడు.

దాని పక్కనే లండన్ క్లబ్బు టాటెన్‌హామ్‌ని పెట్టి చూడు. అంకె చూస్తే అక్కడా గుండె గుభేల్‌మంటుంది, కానీ అది 2019లో తెరిచిన కొత్త స్టేడియం కోసం చేసిన అప్పు, చాలావరకు ఏళ్ల తరబడి తీర్చుకునేలా రాసుకున్నది, ఆ స్టేడియంలో మ్యాచ్‌లతో పాటు సంగీత కచేరీలు, అమెరికన్ ఫుట్‌బాల్ కూడా నడిపి డబ్బు చేసుకుంటున్నారు. రెండింటినీ ఒకే వాక్యంలో "అప్పులపాలైన క్లబ్బులు" అని కలిపేశావు. అది మాత్రం కొట్టేయ్.

ఇప్పుడు టీవీ డబ్బు. నీ వ్యాసంలో దీనికి రెండు వాక్యాలే ఇచ్చావు, అసలు కథంతా ఇక్కడే ఉంది. 1992లో ఇంగ్లండ్ పై అంచె లీగ్, అంటే ప్రీమియర్ లీగ్, మొదలైనప్పుడు ఐదు సీజన్ల టీవీ ఒప్పందం విలువ 304 మిలియన్ పౌండ్లని ప్రకటించారు. 2025-26 నుంచి నాలుగు సీజన్లకి, ఒక్క బ్రిటన్ హక్కులకే, 6.7 బిలియన్ పౌండ్లు. బ్రిటన్ హక్కుల డబ్బుని పంచే పద్ధతి కూడా రాయి, మనవాళ్లకి ఆసక్తిగా ఉంటుంది: సగం అందరికీ సమానంగా, పావు వంతు పట్టికలో ఏ స్థానంలో ముగించారన్నదాన్ని బట్టి, ఇంకో పావు ఎన్ని మ్యాచ్‌లు లైవ్‌లో చూపించారన్నదాన్ని బట్టి. విదేశీ హక్కుల సొమ్ము వేరు, 2022లో మొదలైన మూడేళ్లలో అది మొదటిసారి స్వదేశీ సొమ్ముని దాటింది. నువ్వు ఫోన్‌లో అడిగావు చూడు, "వైజాగ్‌లో కూర్చుని వీటి గురించి రాయడానికి మనమెవరం అన్నా" అని, దానికి జవాబు ఇదే. ఆ విదేశీ సొమ్ములో నీ చందా కూడా ఉంది. ఇంకో తమాషా చూడు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 దాకా ఫుట్‌బాల్ లైవ్‌లో చూపించకూడదని పాత నియమం ఉంది, జనం స్టేడియాలకి రావడం మానేస్తారని. మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే మ్యాచ్‌ని ఆ ఊరివాడు ఇంట్లో కూర్చుని టీవీలో చూడలేడు, నువ్వు గాజువాకలో మంచం మీద పడుకుని రాత్రి ఏడున్నరకో ఎనిమిదిన్నరకో చూసేస్తావు. ఇది నీ వ్యాసంలో ఎందుకు లేదు?

ఐపీఎల్‌కి అలవాటు పడ్డ మనవాళ్లకి ఒక సంగతి మాత్రం విడమరిచి చెప్పాలి. ఐపీఎల్‌లో ఆఖరి స్థానంలో ఉన్న జట్టు మళ్లీ ఏడాది అదే లీగ్‌లో ఆడుతుంది, ఉమ్మడి నిధిలోంచి వాటా వస్తూనే ఉంటుంది. ప్రీమియర్ లీగ్‌లో కింది మూడు జట్లు లీగ్ నుంచే దిగిపోతాయి, దానితో పాటే టీవీ డబ్బూ పడిపోతుంది. దిగినవాళ్లకి కొన్నేళ్లు సాయం సొమ్ము ఇస్తారు, మొదటి ఏడాది సమాన వాటాలో 55 శాతం, తర్వాత 45, ఆ తర్వాత 20. కానీ ఆటగాళ్లతో పెద్ద జీతాలకి రాసుకున్న ఒప్పందాలు, దిగిపోతే జీతం తగ్గుతుందని ముందే రాసుకోకపోతే, అలాగే ఉంటాయి. ఆ భయాన్ని పాఠకుడి ఒంట్లోకి ఎక్కించకపోతే ఇంగ్లండ్ క్లబ్బు లీడ్స్ కథ చెప్పినా ఎక్కదు.

లీడ్స్ గురించి నువ్వు ఒక్క వాక్యం రాశావు. నేనైతే వ్యాసంలో సగం దానికే ఇస్తాను. 2001 వసంతంలో ఆ జట్టు యూరప్ మేటి క్లబ్బులు తలపడే ఛాంపియన్స్ లీగ్‌లో సెమీఫైనల్ ఆడింది, ఊరంతా పండగ. అదే సీజన్ లీగ్‌లో నాలుగో స్థానంలో ఆగిపోయింది, మూడో స్థానంలో ఉన్న లివర్‌పూల్ కంటే ఒక్క పాయింటు తక్కువ. అప్పట్లో ఇంగ్లండ్ నుంచి మూడు జట్లకే ఛాంపియన్స్ లీగ్‌లో చోటు. ఆ ఒక్క పాయింటుతో వచ్చే ఏడాది యూరప్ టీవీ డబ్బు పోయింది. ఖర్చు మాత్రం అది వచ్చేస్తుందన్నట్టే నడిచింది, రాబోయే ఏళ్ల టికెట్ల రాబడిని చూపించి 60 మిలియన్ పౌండ్లు అప్పు తెచ్చారు. మరుసటి ఏడాది ఐదో స్థానం. ఇక అమ్మకాలు మొదలు. 18 మిలియన్లకి కొన్న రియో ఫెర్డినాండ్‌ని 2002లో దాదాపు 30 మిలియన్లకి మాంచెస్టర్ యునైటెడ్‌కే అమ్మారు, పాత వైరం ఉన్న జట్టుకి. 2004లో ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది, 2007లో దివాలా ప్రక్రియలోకి వెళ్లి మూడో అంచెకి జారింది. మళ్లీ పైకి రావడానికి 2020 దాకా పట్టింది.

ఇందులో నీకు పనికొచ్చే మాట ఇంకోటి ఉంది. క్లబ్బు కూలాక పత్రికలన్నీ ఛైర్మన్ గదిలోని బంగారు చేపల మీద పడ్డాయి. అక్వేరియం ఖర్చు క్లబ్బు లెక్కల్లో ఉందని, విలాసమంటే ఇదీ అని. ఆ ఖర్చు ఏడాదికి కొన్ని వందల పౌండ్లకి మించదు. 60 మిలియన్లు ఎక్కడ, అక్వేరియం ఎక్కడ! కానీ జనానికి ఇప్పటికీ గుర్తున్నది చేపలే. నీ వ్యాసంలోనూ అలాంటి చేప ఒకటి ఉంది, ఫుట్‌బాల్ క్లబ్బు కేరళ బ్లాస్టర్స్‌లో 2016లో సచిన్‌తో పాటు చిరంజీవి, నాగార్జున, అల్లు అరవింద్ వాటాలు తీసుకున్న సంగతి. ఉంచుకో, మనవాళ్లు ఇష్టంగా చదువుతారు, కానీ శీర్షికలోకి ఎక్కించకు. దాని వెనక అసలు లెక్క దాక్కుంటుంది.

టీవీ ఒప్పందం కుదిరిందంటే డబ్బు వచ్చేసినట్టేనని మాత్రం అనుకోకు. ఇంగ్లండ్ కింది అంచెల లీగ్‌తో ఐటీవీ డిజిటల్ అనే చానల్ మూడేళ్లకి 315 మిలియన్ పౌండ్లు ఇస్తానని రాసుకుంది. చాలా క్లబ్బులు ఆ భరోసాతో జీతాలు పెంచేశాయి. 2002లో చానల్ మూతపడింది. దాని వెనకున్న రెండు పెద్ద కంపెనీలు కార్ల్‌టన్, గ్రెనడా కడతాయిలే అనుకుని లీగ్ కోర్టుకి వెళితే, వాళ్ల పూచీ ఉన్న సంతకం ఒప్పందంలో లేదని తేలి కేసు ఓడిపోయింది. ఒక్క సంతకం, తమ్ముడూ! ఫ్రాన్స్‌లోనూ ఇంచుమించు ఇదే, 2020లో మీడియాప్రో అనే ప్రసార సంస్థ ఏడాదికి 800 మిలియన్ యూరోల పైచిలుకు ఇస్తానని వచ్చి కొన్ని నెలలకే వాయిదా ఎగ్గొట్టింది, ఆ డిసెంబర్‌కల్లా ఒప్పందం రద్దు.

స్పెయిన్ క్లబ్బు బార్సిలోనాది మన చీటీ పాటలాంటి కథ. డబ్బు అవసరం పడి మొదటి నెలల్లోనే పాడేసుకున్నవాడికి చేతిలో సొమ్ము పడుతుంది, మిగిలిన నెలలన్నీ కడుతూనే ఉండాలి. 2021 ఆగస్టులో మెస్సీ వెళ్లిపోయిన రోజుల్లో క్లబ్బు బాకీలు 1.35 బిలియన్ యూరోలని అధ్యక్షుడు లాపోర్తాయే చెప్పాడు. మరుసటి ఏడాది స్పానిష్ లీగ్ నుంచి వచ్చే టీవీ రాబడిలో పావు వంతుని 25 ఏళ్లకి అమ్మి, ఆ డబ్బుతో కొత్త ఆటగాళ్లని తెచ్చుకున్నారు. నీకు పాతికేళ్లు కూడా లేవు కదా, అదీ ఆ గడువు.

లెక్కల పుస్తకం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే పారిపోతావు. ఆటగాడిని 50 మిలియన్లకి ఐదేళ్ల ఒప్పందంతో కొంటే లెక్కల్లో ఏడాదికి పది చొప్పునే ఖర్చు రాస్తారు. సొంత అకాడమీలో పెరిగిన కుర్రాడిని అమ్మితే వచ్చినదంతా ఆ ఏడాదే లాభం. ఒప్పందం ఎంత పొడుగైతే ఏడాదికి రాసే ఖర్చు అంత తగ్గుతుంది, అందుకే లండన్ క్లబ్బు చెల్సీ ఎనిమిదేళ్ల ఒప్పందాలు రాసుకుంటుంటే 2023లో యూరప్ ఫుట్‌బాల్‌ని నడిపే యూఈఎఫ్ఏ ఐదేళ్లకి గీత గీసింది. పైగా క్లబ్బులు ఒకదానికొకటి ట్రాన్స్‌ఫర్ డబ్బు, అంటే ఆటగాళ్లని కొన్న సొమ్ము, వాయిదాల్లో బాకీ ఉంటాయి, "అప్పు" అని పత్రికలు వేసే అంకెలో చాలాసార్లు అది కలవదు. అప్పు వేరు, నష్టం వేరు. ప్రీమియర్ లీగ్ క్లబ్బు ఎవర్టన్‌కి 2023 నవంబర్‌లో పది పాయింట్లు కోసింది (అప్పీలులో ఆరుకి తగ్గాయి) అప్పు ఉన్నందుకు కాదు, మూడేళ్ల నష్టం 105 మిలియన్ల హద్దు దాటినందుకు. నువ్వు రెండూ కలిపేశావు. ఇంగ్లండ్ క్లబ్బుల లెక్కలు అక్కడి కంపెనీల రిజిస్టర్‌లో ఉచితంగా దొరుకుతాయి, యునైటెడ్ 2012 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉంది కాబట్టి వాళ్లవి ఇంకా తేలిక. ద్వారకానగర్ లైబ్రరీలో కూర్చుని ఫోన్‌లోనే చదవొచ్చు. వెనక పేజీల నుంచి చదువు, బాకీలు ఎప్పటికి తీర్చాలో అక్కడ ఉంటుంది.

క్లబ్బు దివాలా తీస్తే బాకీదారుల జాబితాని కింది నుంచి చదవడం కూడా అలవాటు చేసుకో. అక్కడి నియమం ప్రకారం ఆటగాళ్లకీ తోటి క్లబ్బులకీ పూర్తిగా ఇవ్వాలి, మిగతావాళ్లకి మిగిలితే. 2008లో ఎఫ్ఏ కప్ గెలిచిన పోర్ట్‌స్‌మత్ 2010లో కూలినప్పుడు ఆ జాబితాలో సెయింట్ జాన్ అంబులెన్స్ కూడా ఉంది, మైదానంలో దెబ్బ తగిలినవాళ్లకి ప్రథమ చికిత్స చేసే స్వచ్ఛంద సంస్థ.

ఇక మన దేశం. ఇది చివరి పేరాలో కాదు, ముందుకి తీసుకురా. 2021-22లో మన పెద్ద ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీలో ఆ తర్వాత జీతాలు అందక ఆటగాళ్లు వెళ్లిపోయారు, యాజమాన్యం మారింది, 2025లో క్లబ్బు ఏకంగా ఢిల్లీకి వెళ్లి పేరే మార్చుకుంది. ఇక్కడ టీవీ డబ్బుని తాకట్టు పెట్టడానికి అసలు ఆ డబ్బుంటే కదా. ఐదు ఐపీఎల్ సీజన్ల ప్రసార హక్కులు 48,390 కోట్లు పలికిన దేశంలో, ఫుట్‌బాల్ ఫెడరేషన్ 2010లో తన వాణిజ్య హక్కులన్నిటినీ పదిహేనేళ్లకి 700 కోట్లకి ఇచ్చేసింది. ఆ గడువు ముగిసే వేళకి కొత్త ఒప్పందం తేలక 2025 జూలైలో నిర్వాహకులు కొత్త సీజన్‌నే పక్కన పెట్టేశారు. మన ఊరి ముక్క కూడా ఒకటుంది, 2020లో శ్రీనిధి అనే క్లబ్బుకి ఐ-లీగ్ అనే ఇంకో జాతీయ లీగ్‌లో ప్రవేశం విశాఖపట్నం పేరు మీదే దొరికింది, హోం మ్యాచ్‌లు మాత్రం చివరికి హైదరాబాద్‌లో ఆడుకున్నారు. ఎందుకలా అయిందో ఇక్కడి కోచ్‌లనీ, పోర్టు స్టేడియం వైపు ఆడే పాత ఆటగాళ్లనీ కలిసి అడుగు. అది నువ్వు తప్ప లండన్‌లో ఎవడూ రాయలేడు.

ఒక చిన్న పని. పౌండ్లని రూపాయల్లోకి మార్చినచోటల్లా ఏ ఏడాది రేటో చూసుకో, 2005 నాటి సొమ్ముని ఈ రోజు రేటుతో కోట్లలోకి మార్చేశావు. వీలైతే పౌండ్లలోనే ఉంచి, వ్యాసంలో ఒక్కచోట మాత్రం రూపాయి విలువ చెప్పు. లీడ్స్, హైదరాబాద్ పేరాలు ముందు రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం. యునైటెడ్ పేరాలో నీ అభిమానం కొంచెం ఎక్కువైంది, పర్లేదు, అది ఉండనీ.

మీ అన్న