రెండు రోజులకని ఇచ్చిన తాళం

పర్లాకిమిడి

అమ్మలూ,

రాయగడలో ఇంట్లోనే కూర్చుని తెలుగు, ఒడియా టైపింగ్ పనులు తీసుకుంటావట, కంప్యూటర్ కూడా ఆర్డర్ పెట్టేశావట. నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. వినగానే మా డీటీపీ షాపులో స్టూలెక్కి కీబోర్డు మీద అక్షరాలు వెతుక్కున్న గుంట నా కళ్ళ ముందు నిలబడింది. చాలా గర్వంగా ఉంది తల్లీ. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఉండేది ఒక్క కంప్యూటర్. దాని మీదే నీ పని, పెద్దాడి ఆటలు, చిన్నదాని పాఠాలు, మీ మావగారి పింఛను లెక్కలు. అన్నీ విండోస్‌లో ఒకే యూజర్ ఖాతాలోనా? ఫోన్ చేసి అడిగితే "ఆయన చూసుకుంటారులే అత్తా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నాను.

యూపీఎస్ తీసుకో. కుర్చీ దగ్గర పిసినారితనం చెయ్యకు. ఇవి నీకు తెలిసినవే.

ఖాతా సంగతి మాత్రం నిదానంగా చదువు. కొత్త కంప్యూటర్ తెరిచి విండోస్ అడిగిందని నీ పేరు పెట్టగానే ఆ ఖాతా అడ్మినిస్ట్రేటర్ అయిపోతుంది. ఏ ప్రోగ్రామైనా ఎక్కించొచ్చు, తీసేయొచ్చు, ఇంట్లో మిగతావాళ్ళ ఫైళ్ళు తెరవొచ్చు, యాంటీవైరస్‌నీ ఆపేయొచ్చు. నువ్వు ఆ ఖాతాలో ఉండగా ఏదైనా పాడు ప్రోగ్రాము దూరితే దానికీ ఆ అధికారమంతా చేతికందే దూరంలోనే ఉంటుంది. అంత అధికారం లేని ఇంకో రకం స్టాండర్డ్ ఖాతా. అందులో నీ టైపింగ్, ఇంటర్నెట్, ప్రింటర్ అన్నీ మామూలుగానే నడుస్తాయి. మొత్తం యంత్రాన్ని మార్చే పని వచ్చినప్పుడే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మా రోజుల్లో విండోస్ ఎక్స్‌పీలో దీన్నే లిమిటెడ్ ఖాతా అనేవాళ్ళం.

ఇదంతా తెలియక దెబ్బ తిన్నాననుకోకు. తెలిసే తిన్నాను.

2009 మాఘం. షాపులో ఎక్స్‌పీ నడిచేది. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ నా దగ్గరే ఉంచుకుని, పని కుర్రాడికి లిమిటెడ్ ఖాతా ఇచ్చాను. అయితే మా తెలుగు అక్షరాల సాఫ్ట్‌వేరు అందులో తెరుచుకునేది కాదు. ఆ కాలపు ప్రోగ్రాములు చాలావాటికి అదే జబ్బు, సిస్టమ్ ఫోల్డర్లలో రాసుకోనివ్వకపోతే మొరాయించేవి. ప్రతిసారీ నేను లేచి వెళ్ళి పాస్‌వర్డ్ కొట్టాలి. బయట పెళ్ళికార్డుల వాళ్ళు బెంచీ నిండా కూర్చునేవారు. "రెండ్రోజులకి నా ఖాతానే అడ్మినిస్ట్రేటర్ చేసెయ్యండమ్మా, ఈ కార్డులైపోయాక మళ్ళీ మార్చేద్దాం" అన్నాడు కుర్రాడు. చేసేశాను. ఆ కార్డులైపోయాయి, ఇంకో పెళ్ళి వచ్చింది, దాని వెనక ఇంకోటి. మూడు వారాలైనా నేను మార్చలేదు.

ఒకాయన ఫొటో ఉందని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అప్పట్లో పెన్‌డ్రైవ్ పెట్టి తెరవబోతే చాలు, ఆటోరన్ పేరుతో అందులోది లేచేది. 2011లో మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ ఇచ్చి దాన్ని కట్టేసింది, నాకది రెండేళ్ళు ఆలస్యం. మర్నాడు చూస్తే ఫోల్డర్లు కనబడవు, యాంటీవైరస్ తెరుచుకోదు. నడుస్తున్న ప్రోగ్రాములు చూపే టాస్క్ మేనేజర్ తెరవబోతే, దీన్ని మీ అడ్మినిస్ట్రేటర్ ఆపేశారు అని వచ్చింది. అడ్మినిస్ట్రేటర్‌ని నేను. నేనేమీ ఆపలేదు. ఆ వాక్యం ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. లిమిటెడ్ ఖాతాలో అయితే కుర్రాడి ఫైళ్ళు పోయేవేమో గాని, ఆ పెన్‌డ్రైవ్ వైరస్ సిస్టమ్‌లోకి అంత లోతుగా దిగేది కాదు. ఆ ఒక్క ఖాతా చెరిపేసుకునేవాళ్ళం. చివరికి డిస్కు మొత్తం ఫార్మాట్ చెయ్యాల్సొచ్చింది.

పోయినవాటిలో ఇటు తెలుగు, అటు ఒడియా ఉన్న ఒక శుభలేఖ ఉంది. పెళ్ళికూతురి తండ్రికి ఆఫీసు స్నేహితులంతా ఒడియావాళ్ళే. ఒడియా కంపోజ్ చేసే అబ్బాయి ఊళ్ళో లేడు. పాత ప్రూఫు కాగితం చూసుకుంటూ రాత్రంతా నేనే కొట్టాను. ఒడియా ఏడూ తొమ్మిదీ ఆ నిద్రకళ్ళకి ఒక్కలాగే కనబడ్డాయి. రాత్రి ఏడూ ఇరవై ముహూర్తం ఒడియా వైపు తొమ్మిదీ ఇరవై అయింది. కార్డులు పంచేశాక గాని ఎవరూ చూడలేదు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అడ్రసులు రాసిన కాగితం నా చేతిలో పెట్టాడు, అంతే. నల్ల పెన్ను పట్టుకుని నలభై ఇళ్ళు తిరిగాను. పాతపట్నం వెళ్ళాను, కాశీనగర్‌కి బస్సులో వెళ్ళాను, ఒక్కో కార్డు అడిగి తీసుకుని అంకె దిద్దాను. రెండిళ్ళకి తాళం వేసుంది. ఆ రెండిళ్ళవాళ్ళూ పెళ్ళికి తొమ్మిదింటికి వచ్చారు. అప్పటికి తలంబ్రాలు కూడా అయిపోయాయి.

ఆ వారం నువ్వు మా ఇంట్లోనే ఉన్నావు. ఎందుకేడుస్తున్నావత్తా అని అడిగితే తలనొప్పి అన్నాను. టీ పెట్టి తెచ్చిచ్చావు. అది అబద్ధమని ఇన్నాళ్ళకి చెప్తున్నాను.

ఇప్పుడు చెయ్యాల్సింది చిన్న పనే. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అక్కడ అదర్ యూజర్స్‌లోకి వెళ్ళి కొత్త ఖాతా ఒకటి పెట్టి దాన్ని అడ్మినిస్ట్రేటర్ చెయ్యి. అందులోకి ఒకసారి వెళ్ళి పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో చూసుకో. చూసుకున్నాకే అక్కణ్ణుంచి నీ ఖాతాని స్టాండర్డ్‌కి దించు. ఈ వరస తప్పకు. ఇంట్లో తక్కినవాళ్ళకి తలా ఒక స్టాండర్డ్ ఖాతా, అల్లుడుగారికి కూడా. ఆయన నొచ్చుకుంటే అత్త చెప్పిందని నా మీద పెట్టు. పాస్‌వర్డు కాగితం మీద రాసి బీరువాలో ఇంటి పత్రాలతో ఉంచు. తెర పక్కన అంటించావంటే నేనొచ్చి చింపుతాను.

నన్ను పడేసిన అక్షరాల గొడవ నీకు లేదు. ఇప్పుడు తెలుగు, ఒడియా రెండూ అన్ని భాషలకీ ఉమ్మడి పద్ధతైన యూనికోడ్‌లో స్టాండర్డ్ ఖాతాలోనే కొట్టుకోవచ్చు. 2018 నుంచి విండోస్‌లో ఫాంటుని కూడా ఎవరి ఖాతాకి వాళ్ళు ఎక్కించుకోవచ్చు.

నా భయమంతా పెద్దాడి గురించే. ఏదో ఆట కావాలంటాడు, పాస్‌వర్డ్ అడుగుతోంది కొట్టమ్మా అంటాడు. నువ్వు అప్పుడు సగం పేజీలో ఉంటావు. ఎవరైనా బతిమాలితే ఇచ్చేస్తావు నువ్వు, అచ్చం నా పోలికే. అక్కడే ఆగు. లేచి వెళ్ళి, ఏం ఎక్కుతోందో పేరు చదివి, నీ చేత్తో నువ్వే కొట్టు. వాడికి పాస్‌వర్డ్ చెప్పకు. వాడి ఖాతాని ఒక్క సాయంత్రానికైనా పెంచకు.

మీ మావగారికి ఎవరో ఫోన్ చేసి, పింఛను ఆగిపోతుంది, ఈ యాప్ తెరిచి నంబరు చెప్పండి అంటారు. చెప్తే కంప్యూటర్ ఆ మోసగాళ్ళ చేతికి పోతుంది. అలాంటివి కొన్ని ఎక్కించకుండానే నడుస్తాయి, వాటికి ఏ ఖాతా కాపలా చాలదు. ఆయన పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పు, కసరకు. పెద్దవాళ్ళు భయపడితే దాచేస్తారు.

ఇంకోటి. స్టాండర్డ్ ఖాతాలో ఉన్నా నీ సొంత ఫైళ్ళు నీ పొరపాటుతో పోవచ్చు. ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే వైరస్‌కి నీ అధికారం ఒక్కటే చాలు. పనైన ప్రతి రోజూ వేరే డిస్కులోకి ఒక కాపీ తీసి, ఆ డిస్కు ఊడదీసి పెట్టు.

ఆదివారం పెట్టె వస్తుందని మీ అమ్మ అంది. విప్పాక, పేరు అడిగే తెర దగ్గర ఆగి నాకు ఫోన్ చెయ్యి. ఎంత రాత్రయినా ఎత్తుతాను.

నీ మేనత్త